వైదేహకుడి కొత్త వేషం

బి.ఏ. తరగతిలో ప్రాచీన రాజనీతి గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా విద్యార్థులు ఒక్క ఘట్టం దగ్గర నిటారుగా కూర్చుంటారు. అది కౌటిల్యుని గూఢపురుషుల జాబితా. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు. శిష్యుని వేషంలో ఒకడు, సన్న్యాసి వేషంలో ఒకడు, సేద్యగాని వేషంలో ఒకడు, వర్తకుని వేషంలో ఒకడు, తపస్వి వేషంలో ఒకడు. వీరిలో వైదేహకుడంటే బేరం చెడి బతుకుతెరువు పోయిన వర్తకుడు. రాజు అతన్ని చేరదీసి మళ్ళీ వ్యాపారంలో నిలబెడతాడు. అతడు పైకి సరుకులు అమ్ముతూ, లోపల రాజుకు వార్తలు చేరవేస్తాడు.

కిందటి యేడు ఒక విద్యార్థి లేచి, "ఈ కాలంలో కూడా వైదేహకులు ఉన్నారా, మాస్టారూ?" అని అడిగాడు. ఉన్నారు గాని వేషం తిరగబడిందని చెప్పాను. నాడు వర్తకుడు గూఢచారి అయ్యేవాడు; నేడు గూఢచారి వర్తకుడవుతున్నాడు. నాడు రాజు కోసం అంగడి తెరిచేవారు. నేడు అంగడి కోసం రాజ్యాన్నే తెరుస్తున్నారు. అంతలో గంట కొట్టారు. మాట బాగుందని పిల్లలు నవ్వుకొంటూ వెళ్ళిపోయారు. కాని ఉపాధ్యాయుడన్నవాడు మాట విసిరి రుజువు చూపకుండా తప్పించుకోకూడదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

రుజువుగా నేను తీసుకొనే మనిషి పేరు కెర్మిట్ రూజ్‌వెల్ట్. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు మనుమడు. 1916లో పుట్టాడు. హార్వర్డ్‌లో చదువుకొని, అక్కడే చరిత్ర బోధించాడు. అంటే మన వృత్తివాడే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా గూఢచారి సంస్థ ఓ.ఎస్.ఎస్.లో చేరాడు. యుద్ధం ముగిసిన తరవాత, 1949లో, అరబ్బులు, చమురు, చరిత్ర అనే మూడు మాటలు కలిపి పేరుగా పెట్టి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆపైన సి.ఐ.ఏ.లో పశ్చిమాసియా వ్యవహారాలకు పెద్ద అయ్యాడు. పుస్తకం అట్ట మీద మూడు మాటలూ పక్కపక్కన సఖ్యంగానే ఉన్నాయి. అతని జీవితంలో మాత్రం నడిమి మాట తక్కిన రెంటినీ మింగివేసింది.

అది ఎట్లా జరిగిందో చూడాలంటే ఇరాన్ వెళ్ళాలి.

ఇరాన్ చమురును ఆంగ్లో-ఇరానియన్ ఆయిల్ కంపెనీ అనుభవిస్తున్న రోజులవి. ఆ కంపెనీలో పెద్ద వాటాదారు బ్రిటిష్ ప్రభుత్వమే. నేల ఇరాన్‌ది, చమురు ఇరాన్‌ది, చెమట ఇరాన్ కార్మికులది. కాని కంపెనీ ఇరాన్‌కు చెల్లించే రాయల్టీ కంటె బ్రిటిష్ ఖజానాకు కట్టే పన్నే ఎక్కువగా ఉండేది. అబాదాన్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద చమురుశుద్ధి కర్మాగారం వెలిగిపోతూ ఉంటే, దాని నీడలోనే కార్మికులు గుడిసెల్లో కాలం గడుపుతూ ఉండేవారు. 1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు, అనగా మజ్లిస్, చమురును జాతీయం చేసింది. ఏప్రిల్ చివర మహమ్మద్ మొసాదెగ్ ప్రధాని అయినాడు.

మొసాదెగ్ కమ్యూనిస్టు కాడు. ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి. ఆయన పెద్ద కుటుంబంలో పుట్టినవాడు, న్యాయశాస్త్రం చదివినవాడు, పార్లమెంటరీ పద్ధతిని నమ్మినవాడు. ఆయన చేసిన నేరమల్లా తన దేశపు చమురు తన దేశానికి చెందాలనడమే. బ్రిటన్ ఆ చమురు ఎవ్వరూ కొనకుండా దిగ్బంధం చేసింది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. ఈ తగవు విచారించే అధికారం తనకు లేదని ఆ న్యాయస్థానం 1952 జులైలో తీర్పు చెప్పింది. ఆ యేడు అక్టోబరులో ఇరాన్ బ్రిటన్‌తో సంబంధాలు తెంచుకొన్నది. రాయబార కార్యాలయం మూతపడింది. దానితోపాటు బ్రిటిష్ గూఢచారుల బసా మూతపడింది. న్యాయస్థానంలో గెలవలేనిది, దిగ్బంధంతో సాధించలేనిది ఇక కుట్రతోనే సాధించాలి. ఆ పనికి అమెరికా సాయం కావలసి వచ్చింది. 1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడు కావడంతో, అన్న జాన్ ఫాస్టర్ డల్లెస్ విదేశాంగశాఖకు, తమ్ముడు అలెన్ డల్లెస్ సి.ఐ.ఏ.కు పెద్దలైనారు. పని రూజ్‌వెల్ట్‌కు అప్పగించారు.

రూజ్‌వెల్ట్ 1953 జులైలో దొంగపేరుతో ఇరాన్‌లో అడుగుపెట్టాడు. పత్రికలకు డబ్బు, మజ్లిస్ సభ్యులకు డబ్బు, వీధిరౌడీలకు డబ్బు పారింది. ఆగస్టు 15 రాత్రి మొసాదెగ్‌ను తొలగిస్తూ షా సంతకం చేసిన ఉత్తర్వు పట్టుకొని సైనికులు వచ్చారు. కుట్ర బయటపడి విఫలమయింది. షా బాగ్దాదుకూ, అక్కడి నుంచి రోముకూ పారిపోయాడు. రూజ్‌వెల్ట్ పారిపోలేదు. ఆగస్టు 19న కిరాయిమూకలు, వాటి వెంట టాంకులు టెహ్రాన్ వీధుల్లోకి వచ్చాయి. సాయంకాలానికి జనరల్ జాహెదీ ప్రధాని. మొసాదెగ్‌కు మూడేళ్ళ జైలు, ఆపైన సొంత ఊళ్ళో గృహనిర్బంధం. విదేశాంగమంత్రి హుసేన్ ఫాతెమీని 1954 నవంబరులో కాల్చి చంపారు. 1957లో, అమెరికా చేతిసాయంతో, సవాక్ అనే రహస్య పోలీసు సంస్థ వెలిసింది. ఇరాన్ విద్యార్థులకు, కవులకు, కార్మికులకు ఇరవై యేళ్ళపాటు ఆ పేరు వింటేనే ఒళ్ళు జలదరించేది.

ఇక్కడివరకు చాలామందికి తెలిసిన కథే. డిటెక్టివ్ నవలలు మరిగినవారు దీన్ని సాహసగాథగా చదివి పక్కన పెడతారు. మనం పక్కన పెట్టరాదు. అసలు కథ ఇక్కడే మొదలవుతున్నది.

1954లో ఇరాన్ చమురుకు కొత్త పంపకం జరిగింది. కంపెనీల కూటమి ఒకటి ఏర్పడింది. పాత బ్రిటిష్ కంపెనీకి నూటికి 40 వాటాలు. షెల్ కంపెనీకి 14. ఫ్రెంచి కంపెనీకి 6. తక్కిన 40 అమెరికన్లవి: ఐదు పెద్ద కంపెనీలకు తలా 8, తరవాత తలా ఒకటి చొప్పున చిన్న కంపెనీలకు వదిలి, 7. కుట్రకు ముందు ఇరాన్ చమురులో అమెరికన్ కంపెనీలకు ఒక్క వాటా కూడా లేదని గుర్తు పెట్టుకోండి. ఆ ఐదింటిలో ఒకటి గల్ఫ్ ఆయిల్.

1958లో రూజ్‌వెల్ట్ సి.ఐ.ఏ. కొలువు వదిలి గల్ఫ్ ఆయిల్‌లో చేరాడు. 1960కి ఆ కంపెనీ ఉపాధ్యక్షుడైనాడు.

ఇది లంచమని నేననను. లంచమైతే కొంత నయమే. లంచానికి చట్టం ఉంది, సాక్ష్యం ఉంటుంది, ఎప్పటికైనా కేసు నడుస్తుంది. ఇక్కడ చట్టం ఎక్కడా చెక్కు చెదరలేదు. ఒక ఉద్యోగి రాజీనామా ఇచ్చాడు. ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. సవ్యంగా ఉండడంలోనే ఉంది భయంకరత్వమంతా. దొంగ సొత్తును దొంగే పంచితే దొంగతనమంటాము. పంపకం కాగితం మీద రాసి, మధ్యలో నాలుగేళ్ళు ఎడం పెట్టి, మధ్యవర్తికి హోదాతో కూడిన కుర్చీ వేస్తే దాన్ని వృత్తిలో ఎదుగుదల అంటాము.

ఇక్కడ మర్యాదస్తులైన మిత్రులు కొందరు అడ్డు తగులుతారు. "ఉద్యోగం మానుకొన్న మనిషి బతకవద్దా? నేర్చుకొన్న విద్యను అమ్ముకొంటే తప్పేమిటి? ఇంజనీరు రిటైరై కాంట్రాక్టరు కావడం లేదా, జడ్జీ రిటైరై సలహాలు చెప్పడం లేదా?" అంటారు. న్యాయంగా కనిపించే ప్రశ్న. జవాబు చెప్పవలసిందే.

ఇంజనీరు అమ్ముకొనేది తన చదువు. వంతెన ఎట్లా కట్టాలో అతనికి తెలుసు. ఆ తెలివి పది పుస్తకాల్లోనూ ఉంది. గూఢచారి అమ్ముకొనేది చదువు కాదు. ఏ మంత్రికి ఏ బలహీనత ఉంది, ఏ జనరల్ ఎవరి మాట వింటాడు, ఏ రాజు తన సింహాసనానికి ఎవరికి రుణపడి ఉన్నాడు, ఇదీ అతని సరుకు. ఈ సరుకు అతడు సొంత డబ్బుతో కొనలేదు. ప్రజల పన్నుడబ్బుతో, రాజ్యపు అండతో, ఇతరుల ప్రాణాల మీద సంపాదించాడు. కనుక ఉద్యోగం మారిందనడం పొరపాటు. మారింది జీతమిచ్చే చెయ్యి మాత్రమే.

నమ్మకం కుదరనివారు తరవాతి అధ్యాయం చూడండి. 1964లో రూజ్‌వెల్ట్ గల్ఫ్ ఆయిల్ వదిలి వాషింగ్టన్‌లో సొంత సలహా సంస్థ తెరిచాడు. సలహా ఏమి సలహా? అతని ఖాతాదారుల్లో నార్త్రప్ అనే యుద్ధవిమానాల కంపెనీ ఒకటి. ఆ కంపెనీ ఎఫ్-5 విమానాలను ఇరాన్ కొన్నది. 1972 మేలో నిక్సన్ టెహ్రాన్ వెళ్ళి, అణ్వాయుధాలు మినహా ఏమి కావాలన్నా కొనుక్కోవచ్చని షాకు తలుపులు బార్లా తెరిచాడు. 1973 తరవాత చమురు ధర పెరిగి ఇరాన్ ఖజానాలో చేరిన డబ్బు వందల కోట్ల డాలర్ల లెక్కన ఆయుధాల రూపంలో తిరిగి అమెరికా చేరింది. షాకు 1953లో సింహాసనం తిరిగి ఇప్పించిన మనిషే ఆ షా కొలువుకు దారి చూపే మనిషిగా కూర్చున్నాడు. ఇక విమానాల కంపెనీకి ఇంజనీరింగు సలహా అవసరమేమున్నది?

1975లో అమెరికా సెనేట్‌లో ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షత వహించిన ఉపసంఘం బహుళజాతి కంపెనీల వ్యవహారాలు తవ్వినప్పుడు నార్త్రప్ కాగితాలు బయటపడినాయి. రూజ్‌వెల్ట్ పేరు, పాత సంస్థలో అతనికి మిగిలి ఉన్న స్నేహాల ప్రస్తావన వాటిలో కనిపించాయి. సౌదీ అరేబియా జనరళ్ళకు లంచాలివ్వడానికని ఒక ఏజెంటుకు నాలుగున్నర లక్షల డాలర్లు చెల్లించిన సంగతి కంపెనీయే ఒప్పుకొన్నది. ఎవరో కొద్దిమంది చివాట్లు తిన్నారు. వ్యాపారం సాగింది.

ఒక్క లెక్క వేసుకొందాం. ఇరాన్ ప్రజ మొదటిసారి 1953లో తన ప్రభుత్వాన్ని పోగొట్టుకొన్నది. రెండవసారి 1954లో తన చమురు పంచి ఇచ్చింది. మూడవసారి ఆ చమురులో మిగిలిన డబ్బుతోనే, తనను అణచి ఉంచే సైన్యానికి విమానాలు కొన్నది. మూడుసార్లూ తలుపు దగ్గర నిలబడిన మనిషి ఒక్కడే. ఒకసారి అతని చేతిలో డబ్బు సంచి, ఒకసారి కంపెనీ కాగితం, ఒకసారి విమానాల ధరల పట్టిక.

ఇప్పుడు రెండవ ఆక్షేపణ. ఇది మనవాళ్ళ నుంచి వస్తుంది గనుక మరింత శ్రద్ధగా వినాలి. "వ్యక్తుల గోల మనకెందుకు? సామ్రాజ్యవాదమే అంత. రూజ్‌వెల్ట్ కాకపోతే మరొకడు. వ్యవస్థను వదిలి మనిషిని తిట్టడం మార్క్సిస్టు దృష్టి కాదు" అంటారు. ఈ మాట సగం నిజం, సగం సోమరితనం. వ్యవస్థ ఆకాశంలో తేలుతూ ఉండదు. అది కుర్చీలలో కూర్చుని ఉంటుంది. ఒక కుర్చీ నుంచి లేచి ఇంకొక కుర్చీలోకి మారుతూ ఉంటుంది. ఆ మారే దారి పేరే వ్యవస్థ. మనుషుల అడుగుజాడలు వెదకనివానికి దారి కనిపించదు.

రూజ్‌వెల్ట్ ఒక్కడే అయితే ఇది ఒక మనిషి కథగానే మిగిలేది. జాన్ మెకోన్ సంగతి చూడండి. ఓడల నిర్మాణంలో ధనవంతుడై, 1961 నుంచి 1965 దాకా సి.ఐ.ఏ. అధిపతిగా ఉండి, ఆపైన ఐ.టి.టి. అనే టెలిఫోను కంపెనీ డైరెక్టరయినాడు. 1970లో చిలీలో అయెండే గెలవబోతున్నాడనగా, అతన్ని అధికారంలోకి రానీయకుండా చూడడానికి కంపెనీ తరఫున పది లక్షల డాలర్లు ఇవ్వజూపుతూ తన పాత సంస్థ తలుపు తట్టింది ఈ పెద్దమనిషే. 1973లో సెనేట్ ఉపసంఘం ముందు స్వయంగా ఒప్పుకొన్నాడు. అదే యేడు సెప్టెంబరు 11న అయెండే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చింది.

రిచర్డ్ హెల్మ్స్ సంగతి చూడండి. 1973లో సి.ఐ.ఏ. అధిపతి పదవి నుంచి దిగి, నేరుగా ఇరాన్‌కు రాయబారిగా వెళ్ళాడు. చిలీ వ్యవహారంలో సెనేట్‌కు నిజం దాచినందుకు 1977లో న్యాయస్థానం రెండువేల డాలర్ల జరిమానా వేసింది. జైలుశిక్ష వేసీ అమలు చేయకుండా నిలిపింది. అతడూ ఒక సలహా సంస్థ తెరిచాడు. దాని పేరు సఫీర్. పారసీకంలో ఆ మాటకు అర్థం రాయబారి. పదవి పోయినా పదవి పేరు అంగడి బోర్డు మీద మిగిలింది! ఇక చమురు వ్యాపారంలో మొదలై, 1976లో సి.ఐ.ఏ. అధిపతి అయి, 1989లో అధ్యక్షపీఠం ఎక్కిన జార్జ్ బుష్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకడు సంస్థ నుంచి కంపెనీకి, ఒకడు కంపెనీ నుంచి సంస్థకు, ఒకడు ఆ రెంటినుంచీ గద్దెకు. దారి ఒక్కటే, ప్రయాణపు దిక్కులే వేరు.

ఈ వాదానికి నేను తేగల చివరి సాక్షి రూజ్‌వెల్టే. 1979లో అతడు ఇరాన్ కుట్ర గురించి తానే గొప్పగా ఒక పుస్తకం రాశాడు. బ్రిటిష్ గూఢచారి సంస్థ పేరెత్తడానికి వీల్లేదని అతని పాత సంస్థ ఆంక్ష పెట్టింది. ఏమి చేయాలి? గూఢచారి సంస్థ ఉండవలసిన చోట ఆంగ్లో-ఇరానియన్ ఆయిల్ కంపెనీ పేరు వేశాడు. పుస్తకం అచ్చయింది. ఆ కంపెనీ వారసురాలైన బ్రిటిష్ పెట్రోలియం మండిపడింది. తనను కుట్రదారుగా చూపారని ఆక్షేపించింది. అచ్చయిన ప్రతులు వెనక్కి తీసుకొన్నారు; పేర్లు మార్చి మళ్ళీ వేశారు.

పాఠకులు ఈ చిన్న సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఒక పుస్తకంలో గూఢచారి సంస్థ పేరు తీసి కంపెనీ పేరు పెడితే, కథ ఎక్కడా కుంటుపడలేదు! వాక్యం చెడలేదు, సంఘటన చెడలేదు, ఉద్దేశం చెడలేదు. సామ్రాజ్యవాదం గురించి మనం రాసే వంద వ్యాసాలకంటె ఆ అచ్చుమార్పు ఎక్కువ చెప్పింది. సాహిత్య విద్యార్థులు పర్యాయపదాలకు ఉదాహరణ అడిగితే నేను ఇకమీదట ఇదే చెబుతాను.

ఇది అమెరికా రోగం, మనకెందుకని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. మన దేశంలో ఇంటెలిజెన్స్ బ్యూరోకు గాని, రా సంస్థకు గాని పార్లమెంటు చేసిన ప్రత్యేక శాసనమంటూ లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా, వీటి గుమ్మం దాటి లోపలికి పోదు. ఇక రిటైరైనవారి సంగతి. 2021 మే నెలాఖరున కేంద్ర ప్రభుత్వం పెన్షను నిబంధనలు సవరించింది. గూఢచార, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవారు తమ సంస్థ పరిధికి చెందిన విషయాల మీద ఏమి అచ్చు వేయించాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాలి. దీనికి కాలపరిమితి లేదు. అదే మనిషి ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరదలిస్తే? పెద్ద అధికారి అయితే రిటైరైన తొలి సంవత్సరంలో అనుమతి కావాలి. ఆ సంవత్సరం దాటితే అడిగేవారు లేరు.

అంటే, తెలిసినది ప్రజలకు చెప్పడానికి జన్మంతా అనుమతి కావాలి; తెలిసినది కంపెనీకి ఉపయోగించడానికి ఒక్క యేడు ఓపిక పడితే చాలు. దేశ రహస్యాలు కాపాడవద్దని ఎవరూ అనడం లేదు. కాని ఎవరి నుంచి కాపాడుతున్నట్టు? నోటికి తాళం వేసి సంచికి మూతి విప్పి ఉంచే నిబంధన దేశాన్ని కాపాడే నిబంధనేనా? మన అధికారులందరూ రూజ్‌వెల్టులని నేననడం లేదు. నిజాయితీగా పనిచేసి, పెన్షనుతో గుట్టుగా బతికేవారు ఎందరో ఉంటారు. మంచి మనుషుల మంచితనం మీద ఆధారపడి నిబంధనలు రాయకూడదని మాత్రమే అంటున్నాను.

మన పక్షాన కూడా ఒక మాట ఒప్పుకోవాలి. రూజ్‌వెల్ట్ తన పుస్తకంలో చెప్పుకొన్నట్టు అంతా అతని ప్రజ్ఞే అనుకొంటే అతని ఉచ్చులో మనమూ పడినట్టే. మొసాదెగ్ వెంట నడిచిన కాషానీ వంటి మతపెద్దలు మధ్యలో విడిపోయారు. సైన్యంలో వందలాది అధికారులు రహస్య సభ్యులుగా ఉన్న తూదే పార్టీ ఆగస్టు 19న కదలలేదు. మరుసటి యేడు ఆ సభ్యులే వరసగా పట్టుబడి, కొందరు తుపాకులకు బలి అయినారు. ప్రజాస్వామిక శక్తులు ఒకరినొకరు అనుమానించుకొంటున్న ఇంట్లోనే గూఢచారి డబ్బుకు విలువ. ఐక్యంగా ఉన్న ఇంట్లో అది చెల్లని నాణెం. ఈ పాఠం ఇరాన్‌కు మాత్రమే పరిమితమని ఏ విద్యార్థి సంఘమూ, ఏ రచయితల సంఘమూ అనుకోరాదు.

2000 మార్చిలో అమెరికా విదేశాంగమంత్రి ఆల్‌బ్రైట్ ఆ కుట్రలో తమ చేయి ఉన్నదని బహిరంగంగా అంగీకరించింది. అదే యేడు జూన్‌లో రూజ్‌వెల్ట్ ఎనభై నాలుగేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. అతనిపై ఏ విచారణా లేదు, ఏ శిక్షా లేదు. ఉన్నది రహస్యంగా అందుకొన్న ఒక పతకం. మొసాదెగ్ 1967 మార్చి 5న పోయాడు. బహిరంగంగా అంత్యక్రియలు జరగనివ్వలేదు. అహమ్మదాబాద్ అనే పల్లెలో, తాను నిర్బంధంలో గడిపిన ఇంట్లోనే, నేల తవ్వి ఆయనను పూడ్చిపెట్టారు. ఆనాటికి వాషింగ్టన్‌లో రూజ్‌వెల్ట్ సలహా సంస్థ తెరిచి మూడేళ్ళయింది.

వైదేహకులు ఉన్నారా అని అడిగిన ఆ విద్యార్థికి ఇప్పుడు పూర్తి జవాబు చెబుతున్నాను. ఉన్నారు. వారిని వేషం చూసి గుర్తుపట్టలేవు. వేషమేమీ లేదు, పేరూ చిరునామా బోర్డు మీదే ఉంటాయి. అతడు ఏమి అమ్ముతున్నాడని అడుగు. దాన్ని ఎక్కడ సంపాదించాడని అడుగు. దాని ధర ఎవరు చెల్లించారని అడుగు. ఈ మూడు ప్రశ్నలూ అడగడం మానని విద్యార్థులున్నంత కాలం ఆ అంగడి బేరం అంత సుఖంగా సాగదు.